వినబడే బూట్లు

పోయిన నెల మా తమ్ముడి కూతురు శ్వేత మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నమంతా ఫోనులో బూట్ల బొమ్మలు చూసుకుంటూ కూర్చుంది. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. శ్వేతకు స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. అదీ శబరి నది ఒడ్డున మా పాత ఊళ్ళో, వాళ్ళ నాయనమ్మ జన్మంతా పనిచేసిన ఆసుపత్రిలోనే. ఉద్యోగం తెచ్చుకోవడానికి పడ్డ కష్టం కంటే బూట్లు ఎంచుకోవడానికి ఎక్కువ పడుతోందని నాకనిపించింది గానీ పైకి అనలేదు. అనిపించినవన్నీ అనకుండా ఉండడం నేను పెన్షన్‌తో పాటు నేర్చుకున్న విద్య.

"ముందుభాగం మూసి ఉండాలె పెదనాన్నా. సూది కింద పడితే సక్కగ కాలివేలు మీదనే పడతది."

"దానికి తెలుసు ఎక్కడ పడాలో."

"అడుగు జారొద్దు. వార్డు కడిగినంక అది వార్డు కాదు, చెరువు. వేళ్ళకు జాగా ఉండాలె, మడమ కింద మెత్తగుండాలె, రక్తం పడ్డా తుడిస్తే పోవాలె. సాయంత్రానికి కాళ్ళు ఉబ్బుతయి గదా, అందుకని సాయంత్రమే ఏసుకొని సూసి కొనాల్నంట."

"పెళ్ళికొడుకును కూడా ఇంత పరీక్షించరమ్మా."

"పెండ్లికొడుకు మీద పొద్దంత నిలబడే పని లేదు గదా పెదనాన్నా," అన్నది. వాళ్ళ నాయనమ్మ నోరే. తర్వాత ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టి, "ఇగో, ఇది సూడు. ఇదైతే నడిస్తే అస్సలు సప్పుడే రాదంట. పండుకున్న పేషెంటు గూడ లేవడంట," అన్నది.

నేను చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాను. ఎండాకాలం, కిటికీ అవతల ఆకు కదలడం లేదు. ఆ మిట్టమధ్యాహ్నం వేళ ఆ మాట వినడం నాకు అంత బాగా అనిపించలేదు. లేచి బీరువా సొరుగులోంచి చిన్న గంటలాంటి ఒక ఇత్తడి గజ్జె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. రేగుపండంత ఉంటుంది. లోపలి నాలుకకు గట్టిగా గుడ్డ చుట్టి ఉంటుంది, మోగదు.

"ఏందిది, మేకదా?"

"మీ నాయనమ్మది," అన్నాను.

మా నాన్న బైలడిల్లా ఇనుప గనుల్లో పనిచేసేవాడు. అక్కడి ఎర్రదుమ్ము నా ఊపిరితిత్తులకు పడదని ఎవరో చెప్పడంతో నన్ను చిన్నప్పుడే పిన్ని ఇంటికి పంపించేశారు. ఆసుపత్రి క్వార్టర్‌లో ఫినాయిల్ వాసన పడుతుందా అని ఎవరూ అడగలేదు. పడింది. ఆ ఇంట్లో తెల్లవారడం అంటే గంజి వాసన. పిన్ని డ్యూటీ చీర గంజిలో ముంచి దండెం మీద ఆరేస్తే, అది ఎండేసరికి దానంతటదే నిలబడగలిగేది. పెరట్లో ఎండుతున్న ఇప్పపువ్వు తీపివాసన, వార్డు నుంచి స్పిరిటు వాసన, బాబాయి నశ్యం ఘాటు, ఈ మూడూ నడిమింట్లో కలుసుకునేవి. బాబాయి కలప డిపోలో లెక్కలు రాసే మున్షీ. దుంగను చూసి అది ఏ కొండ మీద పెరిగిందో చెప్పేవాడు. దయ్యాలను నమ్మేవాడు కాదు. డిపో వెనకాల చింతచెట్టు దాటేటప్పుడు మాత్రం గొంతెత్తి పాడేవాడు. పాడాలనిపించింది గనుక పాడానని చెప్పేవాడు. ఆయనకు ఎప్పుడూ అక్కడే పాడాలనిపించేది.

డ్యూటీ దిగాక పిన్ని గడప మీద కూర్చుని, రేకు తొట్టిలో వేడినీళ్ళు పోసుకుని, దొడ్డుప్పు వేసి, కాళ్ళు పెట్టుకునేది. ఎవరూ మాట్లాడకూడని సమయం అది. బాబాయి కూడా నశ్యం డబ్బా మూత చప్పుడు కాకుండా తీసేవాడు. చాలాసేపటికి పిన్ని నీళ్ళలోకి చూసి, "ఏందిరా ఈ కాళ్ళు, ఎవలయో తెచ్చి నాకు తగిలించినట్టున్నయి," అనేది. పగలంతా నిలబడిన మడమలు బీటలు వారి, చెరువు ఎండినట్టుండేవి. వేసుకునేది హవాయి చెప్పులు. అవి టప్, టప్ అని కొట్టుకుంటూ వస్తుంటే పిన్ని ఏ గదిలో ఉందో, ఏ మూడ్‌లో ఉందో ఇల్లంతటికీ తెలిసేది. ఆ రోజుల్లో సిరంజీలను కిరసనాయిలు పొయ్యి మీద మరగబెట్టేవారు. ఒకనాడు కడిగిన నేల మీద ఆ చెప్పు జారి, మరిగే నీళ్ళ ట్రేతో సహా పడింది. ఎడమ పాదం కాలింది. డాక్టరుగారు రాయపూర్ వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు. "జూతే పెహనో సిస్టర్, నహీతో ఘర్ బైఠో," అన్నాడు. బూట్లు వేసుకో, లేదా ఇంట్లో కూర్చో. పిన్ని ఇంట్లో కూర్చునే మనిషి కాదు, కూర్చుంటే ఇల్లు నడిచేదీ కాదు.

టౌన్‌షిప్ దుకాణం నుంచి మా నాన్న తెల్లటి గుడ్డ బూట్లు పంపించాడు. అడుగున మందంగా, మెత్తగా రబ్బరు. పిన్ని వేసుకుని వంటింటి నుంచి వాకిలి దాకా నడిచి, కళ్ళు మూసుకుని, "దూదిమీద నడిసినట్టుందిరా," అన్నది. ఆమె ముఖంలో అంత సుఖం అంతకుముందు నేను చూడలేదు. మేమందరం చూస్తూ నిలబడ్డాం. వినబడింది మాత్రం ఏమీ లేదు. అప్పుడు అది మాకు పట్టలేదు.

ఆ ఎండాకాలం సెలవులకు నేను జగదల్పూర్ కాలేజీ నుంచి బి.ఎస్సీ. మొదటి సంవత్సరపు తెలివినీ మలేరియానూ వెంటబెట్టుకుని వచ్చాను. రెండూ మనిషిని వణికించేవే. మలేరియాకైతే మందుంది. పిన్ని నన్ను తీసుకుపోయి వార్డులో పడుకోబెట్టింది. వార్డు అంటే ఒకటే పొడవాటి పెంకుల హాలు. నడుమ ఒక పచ్చటి తెర. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. నా మంచం తెర పక్కనే. తెరకు అవతల దేవె అనే పిల్ల, తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. లోపలి అడవిలో భేజ్జి దిక్కు నుంచి ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. తోడు ఆమె నాయనమ్మ. ఆ ముసలామెను అందరూ అవ్వ అనేవాళ్ళు, డాక్టరుగారితో సహా. దేవె ముఖం, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. బీపీ ఎక్కింది. కాన్పయ్యే దాకా కదలకూడదని, ఇంటికి తీసుకుపోతే దారిలో ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా దక్కరని డాక్టరు చెప్పాడు. అంతకు ముందటి ఏడు అట్లాగే ఒకామె మాట వినకుండా వెళ్ళింది. బండి మాత్రం తిరిగివచ్చింది, మందులు వాపసు ఇవ్వడానికి. అది పిన్ని మరచిపోలేదు.

నేను చేరిన కొద్దిరోజులకే వార్డు పలచబడడం మొదలైంది. జ్వరం తగ్గనివాళ్ళు తగ్గిందన్నారు. కట్టు విప్పనివాళ్ళు కట్టుతోనే పోయారు. పొద్దున్నే చూస్తే మంచం ఖాళీ, కింద చాప లేదు. పిన్ని తనలో తను తిట్టుకునేది. నాకు సంగతి తెలిసింది నీళ్ళకుండ దగ్గర. అవ్వ చెంబు ముంచుతూ, "నీకు ఇనపడతందా బాబూ?" అన్నది.

"ఏంది?"

"ఆ తెల్లసీర అమ్మ నడిస్తే."

ఆలోచించాను. "లేదు."

"నాకూ ఇనపడతలేదు. బతికినోళ్ళు నడిస్తే నేలకు తెలుస్తది గదా."

నేను ఆమెకు రబ్బరు గురించి, శబ్దం గురించి, శబ్దం ఎందుకు పుడుతుందో, ఎందుకు పుట్టదో వివరించాను. జ్వరంలో ఉన్నవాడి మాటలు వినే ఓపికతో విన్నది. నేను నిజంగానే జ్వరంలో ఉన్నాను గనుక నొచ్చుకోవడానికి వీల్లేకపోయింది. చివరికి, "రేపు బండి వస్తది. పోతం," అన్నది.

పిన్నికి చెప్పాను. ఆమె తెర దాటి వెళ్ళి, బాలింతకు చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టింది. "పిల్ల కాళ్ళు సూడు అవ్వా. దారిల ఫిట్స్ వస్తే ఏం జేస్తవ్? ఆ అడివిల ఎవల్ని పిలుస్తవ్?"

"నువు మంచిదానివే," అన్నది అవ్వ. "పగటేళ వచ్చేది గూడ నువ్వేనా?"

"ఏ పగటేళ?"

"పొద్దు నెత్తిమీదికొచ్చినప్పుడు. పిల్ల కాళ్ళు ఒత్తి సూస్తది. నీళ్ళు తాపుతది. సప్పుడుండదు. లవంగం వాసనొస్తది."

ఆ వేళకు పిన్ని ఇంట్లో అన్నం తింటూ ఉంటుంది. రోజూ అంతే. పిన్ని చేతికి స్పిరిటు వాసన తప్ప ఇంకో వాసన రాదు. పైగా లవంగం ఆమెకు పడదు. ఆమె జుట్టు ముడి విప్పి, మళ్ళీ వేసుకుని, పిన్నులు పెట్టుకుంది. ఏదైనా మింగలేనప్పుడు అట్లా చేసేది.

ఎప్పుడూ లవంగం నోట్లో పెట్టుకుని ఉండేది ఏలియమ్మ సిస్టర్. కేరళ మనిషి. పిన్నికి సూది పట్టుకోవడం నేర్పింది ఆమే. అంతకు ముందటి వానాకాలంలో జ్వరం తలకెక్కి, తను పనిచేసిన వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద పోయింది. అయినవాళ్ళు రావడానికి దారి లేదు. వరద. ఇక్కడే శబరి ఒడ్డున పాతిపెట్టారు. బాబాయి డిపో నుంచి టేకు చెక్క తెచ్చి సిలువ చేయించాడు.

పిన్ని చదువుకున్న మనిషి. వార్డులో తిరిగేదెవరన్న సంగతి పక్కనబెట్టి, సరిచేయడానికి వీలున్నదాన్ని పట్టుకుంది. కావలసింది చప్పుడు. సంతలో చెప్పులు కుట్టేవాడి దగ్గర బూట్ల మడమలకు ఇనుప నాడాలు కొట్టించుకొచ్చింది. ఒక పూట వార్డంతా టక్ టక్‌మని పోలీసు ఇనస్పెక్టరు వచ్చినట్టుంది. కడిగిన నేల తగలగానే ఆ ఇనస్పెక్టరు రెండు చేతులూ చాపి, సెలైన్ స్టాండును కౌగిలించుకుని ఆగాడు. నాడాలు పీకించేసింది. వట్టికాళ్ళతో తిరుగుదామంటే కాలిన పాదం ఇంకా పచ్చిగా ఉంది. హవాయి చెప్పులంటే డాక్టరుగారున్నారు. బూట్లు చేతపట్టుకుని అవ్వ ముందు కూలబడి, "నువ్వే చెప్పు మరి. నేనేం జెయ్యాలె?" అన్నది. నేను పిన్ని గొంతులో ఏడుపు విన్నది ఆ ఒక్కసారే.

అవ్వ కాసేపు బూట్లను చూసింది. బట్టల మూట విప్పి ఈ గజ్జె తీసింది. "మా మేకది. చిరుత ఎత్తుకపోయింది మేకను. ఇది దొరికింది."

పిన్ని కుట్లు వేసే దారంతో దాన్ని కుడి బూటుకు కట్టుకుంది. ఆ మరునాడు రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు తలెత్తకుండానే, "బకరీ కిస్‌నే అందర్ ఛోడీ?" అన్నారు. మేకను లోపలికి వదిలిందెవరని. పిన్ని అంతే గంభీరంగా, "మై హూ సర్," అన్నది, ఆ మేకను నేనేనని. బండి వచ్చింది గానీ అవ్వ ఎక్కలేదు. నాలుగురోజులు చూస్తానని తిప్పి పంపించింది.

కథ అక్కడితో అయిపోతే ఎంతో బాగుండేది. చిక్కేమిటంటే, గజ్జె కట్టేదాకా మాకు తెల్లచీర ఒక్కటే. ఏది వచ్చినా పిన్నే అనుకోవడానికి వీలుండేది. ఇప్పుడు ఆ వీలు పోయింది. మిట్టమధ్యాహ్నం గజ్జె ఘల్లు ఘల్లుమంటూ వరండా దిగి, ఇసుకలో నడిచి, క్వార్టరు వైపు వెళ్ళి ఆగేది. అక్కడ కంచం చప్పుడయ్యేది. కరెంటు ఉండేది కాదు. ఎండకు పెంకులు టిక్కు టిక్కుమనేవి. వార్డు ఆయా గోడకానుకుని నిద్రపోయేది. అప్పుడు నా నుదుటి మీద చల్లటి చెయ్యి ఒకటి ఆనేది. లవంగం వాసన. నేను కళ్ళు తెరిచేసరికి ఎవరూ లేరు. పచ్చటి తెర మాత్రం ఎవరో ఇప్పుడే పక్కకు తప్పించుకుని వెళ్ళినట్టు కదులుతూ ఉండేది. గాలి లేదు. తెర అవతల అవ్వ తన భాషలో ఏదో అనేది. పక్కింటావిడ వస్తే రా కూర్చో అన్న గొంతు అది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది చెయ్యి తగిలినందుకు కాదు, ఆ గొంతు విన్నందుకు.

"ఇప్పుడు తెలుస్తంది," అన్నది అవ్వ పిన్నితో. "గజ్జెల అమ్మ ఒకరు. సప్పుడు లేనమ్మ ఇంకొకరు. ఆమె చెప్పులేయి?"

"ఎవల చెప్పులు?"

"ఆమెయి. మా దిక్కు సచ్చినోళ్ళ సామాను ఆళ్ళ పేర పాతిన రాయి కాడ పెడతం. గిన్నె, గొడుగు, చెప్పులు. పెట్టకుంటే ఎతుక్కుంట తిరుగుతరు పాపం."

"పెట్టె కేరళకు పంపినమవ్వా. బట్టలు, బైబిలు, అన్నీ."

"చెప్పులు?"

హవాయి చెప్పులను ఎవరు మాత్రం కేరళకు పంపుతారు? ఆయా మెల్లగా తల తిప్పి బాత్‌రూము తలుపు వైపు చూసింది. పిన్ని చూసింది. నేనూ చూశాను. తలుపు పక్కన, ఎప్పుడూ ఉండే చోటనే, నీలం పట్టీల చెప్పులు ఉన్నాయి. వార్డు మొత్తానికి బాత్‌రూము చెప్పులు అవే. ఏలియమ్మ పోయిన మంచం కింద ఊరికే పడి ఉన్నాయని, మంచి చెప్పులు పారెయ్యడమెందుకని, ఆయా వాటిని అక్కడ పెట్టిందట. వచ్చిన ప్రతి రోగీ వాటిలో కాళ్ళు పెట్టాడు. ఆ పొద్దున నేనూ పెట్టాను. అప్పుడు నా అరికాళ్ళు చల్లబడడం జ్వరం దిగడం వల్లేనని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే అభిప్రాయం.

"ఆమెయి ఆమెకిచ్చెయ్యి," అన్నది అవ్వ. "పిల్ల కనేదాక ఉంట."

బేరం అంతే. పిన్ని ఆ చెప్పులను ఫినాయిల్‌తో కడిగింది. ఎవరికైనా శుభ్రంగానే ఇవ్వాలి గదా. పొద్దున్నే నదివైపు బయలుదేరాం. ముందు గజ్జెతో పిన్ని, వెనక బాబాయి భుజం పట్టుకుని నేను. "ఇయన్నీ నమ్మేది కాదు," అన్నాడు బాబాయి, "కానీ పక్కోళ్ళ సామాను మనకెందుకు?" సమాధి మీద రెల్లుగడ్డి లేచి ఉంది. టేకు సిలువ చెక్కుచెదరలేదు. బాబాయి దాన్ని ఒకసారి తట్టి చూసుకున్నాడు. పిన్ని వంగి, చెప్పులను గుమ్మం ముందు విడిచినట్టు జంటగా పెట్టి, "సిస్టర్, మీయే. తెల్వక వాడుకున్నం," అన్నది. లేచి ముడి సర్దుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బాబాయి పాట పాడాడు. దారిలో చింతచెట్టు లేదు.

ఆ మధ్యాహ్నం గజ్జె ఇంటికి వెళ్ళింది. కంచం చప్పుడైంది. ఆయా నిద్రపోయింది. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. కప్పు మీద పెంకులు టిక్కుమన్నాయి. అప్పుడు వరండా ఆ కొస నుంచి వినబడింది. టప్. టప్. టప్. తొందరలేని నడక. చెప్పు మడమకు కొట్టుకుని, నేలకు ఆని, మళ్ళీ లేస్తున్నది. గుమ్మంలో ఎండ పరుచుకుని ఉంది, అందులో ఎవరి నీడా పడలేదు. చప్పుడు లోపలికి వచ్చింది. నా మంచం పక్కనుంచి పోయింది. తెర కదిలింది. దేవె మంచం దగ్గర ఆగింది.

"ఆఁ, వచ్చినవా," అన్నది అవ్వ, ఈసారి తెలుగులో.

కొంతసేపటికి అది వచ్చిన దారినే టప్ టప్‌మంటూ పోయింది. నేను లేచి బాత్‌రూము వైపు చూశాను. తలుపు పక్కన ఏమీ లేదు. కొత్త చెప్పులు ఇంకా కొనలేదు.

"ఇన్నవా బాబూ?" అన్నది అవ్వ తెర అవతల నుంచి.

"మందుకు చెవులు గీపెడుతున్నాయవ్వా," అన్నాను. మలేరియా బిళ్ళలకు చెవుల్లో హోరు రావడం వైద్యశాస్త్రంలో ఉన్నదే. చప్పుళ్ళ విషయంలో నా సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలవదు.

"ఆఁ, మందే," అని అవ్వ నవ్వింది. దేవె కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను వినడం అదే మొదలు.

వాళ్ళు ఉండిపోయారు. నొప్పుల్లో దేవెకు ఫిట్స్ రానే వచ్చాయి. దారిలో కాదు, వార్డులో వచ్చాయి. పిన్ని సూదిమందు పట్టుకుని ఆ పొడవాటి హాలు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. గజ్జె మోత మేకల మంద దిగినట్టుంది. అడుగు ఎక్కడా జారలేదు. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు. వెళ్ళేటప్పుడు పిన్ని గజ్జె విప్పబోతే అవ్వ వద్దంది. "ఉంచుకో. మల్లొస్తే నిన్ను గుర్తువట్టాలె గదా."

పిన్ని దాన్ని బూటు నుంచి బూటుకు మార్చుకుంటూ పోయింది. రిటైరైన నాడు గడప మీద కూర్చుని, ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, గజ్జె నాలుకకు గుడ్డ చుట్టింది. ఇక తను ఎవరికీ వినబడవలసిన పని లేదనుకుంది కాబోలు. ఇప్పుడు ఆ పెంకుల హాలు లేదు. అదే చోట పలకల నేల, జనరేటరు, ఎండ తగలని కారిడార్లు. భేజ్జి దిక్కు ఎడ్లబండ్లు నడిచిన దారిలో మోటారుసైకిళ్ళు, పోలీసు ఫోర్సు క్యాంపులు. యంత్రాలన్నీ కూస్తాయి, మనుషులు మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతారు. అప్పుడు మాకు చాలినన్ని మందులు లేవు. ఎవరొస్తున్నారో మాత్రం తెలిసేది. ఇప్పుడు మందులున్నాయి. ఏది మేలంటే మందులే మేలని చెబుతాను, బి.ఎస్సీ. చదివినవాణ్ణి. ముందు కాస్త ఆగి చెబుతాను.

శ్వేతకు గజ్జె సంగతి వరకు చెప్పాను. చెప్పుల సంగతి చెప్పలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లకు అన్నీ మొదటిరోజే చెప్పకూడదు. ఆమె నవ్వి, గుడ్డ విప్పి, గజ్జె బ్యాగులో వేసుకుని, చప్పుడు రాని బూట్లే తెప్పించుకుంది.

నిన్న ఫోను చేసింది. "బూట్లు మంచిగున్నయి పెదనాన్నా, సాయంత్రం కాళ్ళు గుంజుతలేవు. గజ్జె ఐడీ కార్డు తాడుకు కట్టుకున్న. ముసలోళ్ళు ఖుషీ అయితున్నరు. ఒక్కటే తిక్కొస్తంది నాకు."

"ఏమిటమ్మా?"

"పగటేళ ఎవలో స్టాఫ్ హవాయి చెప్పులు ఏసుకొని తిరుగుతున్నరు. టప్ టప్‌మని. బయటికొచ్చి సూస్తే ఎవలుండరు. రూల్ అంటే అందరికీ రూలే గదా. ఇన్‌ఛార్జికి కంప్లెయింట్ ఇద్దామనుకుంటున్న."

కిటికీ అవతల ఆకు కదలడం లేదు.

"పోనీలే తల్లీ," అన్నాను. "ఆమె సీనియర్."